పిలుపు వచ్చేలోపు పొయ్యి ఆరకుండా

లూథరన్ సంఘంలో కాపరిగా సేవ చేయాలనుకునేవారికి చదువు ముగిసిన రోజుకీ మొదటి పేరిష్‌లో అడుగుపెట్టే రోజుకీ మధ్య కొంత ఎడం ఉంటుంది. వేదాంత కళాశాలలో ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేయాలి. పట్టా చేతికొస్తుంది. ఏ ఊరికి వెళ్లాలన్నది మాత్రం ఇంకా తేలదు. కొందరికి ఈ ఎడం కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు, మరికొందరికి ఇంకా ఎక్కువ. ఎదురుపడిన వాళ్లంతా అడిగేది ఒకే మాట: "పోస్టింగ్ వచ్చిందా?"

పెళ్లయి పిల్లలున్నవారికి ఈ ప్రశ్న గుమ్మం దగ్గర ఆగదు, వంటింటి దాకా వస్తుంది. జీతం ఇంకా మొదలు కాలేదు. పిల్లల్ని ఏ బడిలో వేయాలో తెలియదు. కొన్న సామాను విప్పాలా, కట్టిపెట్టే ఉంచాలా అన్నదీ తెలియదు. అయినా పొద్దున లేస్తే పొయ్యి వెలిగించాలి, మధ్యాహ్నానికి నలుగురి ముందూ కంచం పెట్టాలి. కాపరి పిలుపు గురించి సంఘాల్లో ప్రసంగాలు చాలా వినిపిస్తాయి. ఆ పిలుపు కోసం ఎదురుచూసే ఇల్లు ఎలా గడుస్తుందన్నది మాత్రం ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లకే తెలిసిన సంగతి.

ఎదురుచూపు ఎందుకు

చదువు పూర్తయితే చాలదా అన్నది చాలామంది సందేహం. లూథరన్ పద్ధతిలో చాలదు. 1530లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో చక్రవర్తి ముందు సమర్పించిన విశ్వాస ప్రకటన ఈ సంఘాలన్నిటికీ పునాది. అందులోని 14వ అధికరణం చాలా చిన్నది. సక్రమంగా పిలుపు పొందనివారు సంఘంలో బహిరంగంగా బోధించకూడదని, సంస్కారాలు జరిపించకూడదని దాని సారం. దేవుడు తనను పిలిచాడని ఒక మనిషికి లోలోపల గట్టిగా అనిపించవచ్చు. ఆ నమ్మకాన్ని సంఘం పరీక్షించి, ఒప్పుకొని, ఫలానా చోట ఫలానా పని చేయమని అప్పగించాలి. మొదటిదాన్ని లోపలి పిలుపు అంటారు, రెండోదాన్ని బయటి పిలుపు. రెండూ కలిసినప్పుడే బాప్తిస్మం, ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చే అధికారం వస్తుంది. గురు అభిషేకం సాధారణంగా ఒక నిర్దిష్టమైన పనికి ముడిపడి ఉంటుంది కాబట్టి స్థలం తేలేదాకా ఆగక తప్పదు.

ప్రపంచంలో లూథరన్ సంఘాలున్న ప్రతిచోటా ఏదో ఒక రూపంలో ఈ ఎదురుచూపు ఉంది. జర్మనీలో విశ్వవిద్యాలయ చదువు తర్వాత అనుభవం ఉన్న కాపరి దగ్గర వికారియట్ అనే శిక్షణ పూర్తి చేయాలి, ఆ తర్వాత కొన్నాళ్లు పరిశీలన సేవ చేయాలి. అమెరికాలోని మిస్సోరి సినడ్ అనే లూథరన్ సంఘంలో ఏటా వసంతంలో 'కాల్ డే' అనే ప్రత్యేక ఆరాధన జరుగుతుంది. అభ్యర్థులు, వారి భార్యాపిల్లలు అందరూ మందిరంలో కూర్చుంటారు. ఒక్కొక్కరి పేరు, వెళ్లవలసిన ఊరు అందరి ముందూ చదువుతారు. అమెరికాలోనే మరో పెద్ద సంఘమైన ఇవాంజెలికల్ లూథరన్ చర్చిలో అభ్యర్థిని ముందు 9 ప్రాంతాల్లో ఒకదానికి, ఆ తర్వాత ఒక సినడ్‌కి, అంటే ప్రాంతీయ సంఘ విభాగానికి, కేటాయిస్తారు. అక్కడి స్థానిక సంఘం మాట్లాడి చూసి, ఓటు వేసి పిలిచేదాకా ఇల్లంతా ఆగాలి.

తెలుగు లూథరన్ సంఘాల్లో స్థానిక సంఘం తానే కాపరిని ఎంచుకోవడం కంటే, సంఘ కేంద్రం నియమించి పంపడమే వాడుక. ఖాళీలు ఎన్ని ఉన్నాయి, బదిలీలు ఎప్పుడు జరుగుతాయి, ఎవరు పదవీ విరమణ చేస్తున్నారు అనే వాటిమీద కొత్తవారి వంతు ఆధారపడుతుంది. ఒక పేరిష్ అంటే ఒక్క మందిరం కాదు, చుట్టుపక్కల అనేక గ్రామాల్లోని చిన్న చిన్న సంఘాల గుంపు. దాని ఆదాయం, పార్సనేజ్ (కాపరి నివాసం) స్థితి, ప్రయాణ దూరాలు కూడా నియామకాన్ని ముందుకో వెనక్కో నెడతాయి.

తెలుగునాట లూథరన్ల దారి

తెలుగు లూథరన్ చరిత్ర గుంటూరులో మొదలైంది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. అప్పటికి ఆయన యాభయ్యో పడికి దగ్గర పడ్డారు. భార్య అంతకు మూడేళ్ల ముందే చనిపోయారు. తర్వాత ఆయన పల్నాడు వెళ్లి గురజాలలోనూ పనిచేశారు. ఉత్తర జర్మనీ మిషన్ వారు రాజమండ్రిలో మొదలుపెట్టిన పని కూడా అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. ఈ రెండు పాయలూ కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా, జనం నోట ఏఈఎల్‌సీగా రూపుదిద్దుకున్నాయి.

దక్షిణాన మరో పాయ ఉంది. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ 1865లో సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతంలో పని ప్రారంభించారు. అది గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి మీదుగా పాత కడప జిల్లాలోని కోడూరు దాకా పాకింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక జర్మన్లు పని కొనసాగించలేకపోయారు. అమెరికాలోని ఒహాయో సినడ్ దాన్ని అందుకుంది. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ పని నుంచి పుట్టిందే. రాయలసీమ నేలమీద లూథరన్ పేరు ముందుగా వినిపించేది ఈ వైపునే.

రాయలసీమలోనే ఉన్న నంద్యాల, మహానంది ప్రాంతం మాత్రం వేరే మిషన్ల వాటాకు వచ్చింది. నంద్యాలలో ఆంగ్లికన్ ఎస్పీజీ మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు, కడప, జమ్మలమడుగుల్లో లండన్ మిషన్ పనిచేశాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడినప్పుడు లూథరన్లు అందులో కలవలేదు. నేడు నంద్యాల చుట్టుపక్కల పాత మందిరాలు చాలావరకు సీఎస్ఐకి చెందినవి. అయినా మిషన్ల హద్దులు పెళ్లి సంబంధాలను ఆపలేవు. కోస్తా లూథరన్ ఇంటి అబ్బాయికి సీమ అమ్మాయినిస్తారు. నియామకం కోసం ఆగిన కాలంలో ఆ దంపతులు పిల్లలతో ఆమె పుట్టింటికి చేరడం సహజం.

దారి కూడా అనుకూలంగానే ఉంది. నంద్యాల నుంచి గుంటూరు వెళ్లే రైలు మహానంది మండలంలోని గాజులపల్లె దాటి నల్లమలలోకి దూరుతుంది. దిగువమెట్ట దగ్గర అడవి వదిలి గిద్దలూరు, కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు చేరుతుంది. అక్కడి సంఘ కేంద్రంలో పనుందని కబురొస్తే సంచిలో నాలుగు రొట్టెలు, కాస్త పొడి పెట్టుకుని ఎక్కగల ప్రయాణమది.

చదువు, శిక్షణ, ఆ తర్వాత

కాపరి చదువుకు తెలుగువారి ప్రధాన కేంద్రం ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజ్. లూథరన్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు, సీఎస్ఐ వారు కలిసి 1964లో రాజమండ్రిలో దీన్ని నెలకొల్పారు. తర్వాత ఇది హైదరాబాదుకు మారింది. లూథరన్ల ప్రత్యేక విద్యాసంస్థగా చెన్నై కీల్పాక్‌లోని గురుకుల్ లూథరన్ థియోలాజికల్ కాలేజ్‌కి మంచి పేరుంది. పట్టాలిచ్చేది సెరాంపూర్ సెనెట్. గ్రీకు, హీబ్రూ, సంఘ చరిత్ర, ప్రసంగ కళ, సలహా ఇచ్చే పద్ధతులు అన్నీ నేర్పుతారు. ఆదివారాలు దగ్గరి సంఘాల్లో సేవ చేయిస్తారు. చదువు ఏళ్ల తరబడి సాగుతుంది గనుక మధ్యలో పెళ్లిళ్లు జరుగుతాయి, పిల్లలు పుడతారు. చివరికి కళాశాల గేటు దాటి బయటికొచ్చేది ఒక మనిషి కాదు, ఒక కుటుంబం.

ఆ రోజు నుంచి ఇల్లు గడవాల్సిన దారులు మూడు. మొదటిది భార్య సంపాదన. మిషన్ బడులు, ఆసుపత్రులు ఉన్న చోట కాపరుల భార్యలు టీచర్లుగానో నర్సులుగానో పనిచేయడం తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పాత ఆనవాయితీ. అయితే ఆమె ఉద్యోగం ఒక ఊళ్లో, ఆయనకు వచ్చే పేరిష్ మరో ఊళ్లో అయితే సంసారం రెండు పొయ్యిలవుతుంది. రెండోది పుట్టిల్లో అత్తిల్లో ఇచ్చే ఆసరా. మూడోది ఆదివారం ప్రసంగాలు. కాపరి లేని గ్రామాల నుంచి పిలుపొస్తే ఆయన వెళ్లి ఆరాధన జరిపిస్తారు. వాళ్లు కడుపునిండా భోజనం పెట్టి దారి ఖర్చులిచ్చి పంపుతారు. ఆయన ఆకలి ఆ పూటకు తీరుతుంది. ఇంట్లో భార్యాపిల్లల సంగతి మాత్రం ఇంటి డబ్బాల్లో ఉన్నదాన్ని బట్టే నడుస్తుంది.

ఈ కాలంలో కొన్ని కాగితాల పనులు ముందే చూసుకున్న ఇల్లు తేలిగ్గా ఊపిరి పీలుస్తుంది. బియ్యం కార్డు ఉన్న కుటుంబానికి మనిషికి నెలకు 5 కిలోల చొప్పున రేషన్ అందుతుంది. సరుకును ఇప్పుడు సొంత ఊళ్లోనే తీసుకోవాలన్న నియమం లేదు కాబట్టి పుట్టింట ఉన్నా తీసుకోవచ్చు. ఊరు మారేటప్పుడు గ్యాస్ కనెక్షన్ అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకుంటే కొత్తచోట మళ్లీ మొదటి నుంచి కనెక్షన్ కొనే పని ఉండదు. పిల్లల టీసీలు, ఆధార్ చిరునామా, టీకాల కార్డు ఒకే సంచిలో ఉంచుకోవడం మంచిది. నియామక పత్రం వచ్చాక చేరడానికి ఇచ్చే గడువు చాలాసార్లు తక్కువగా ఉంటుంది.

వంటింట్లో సీమ పద్ధతి

ఎడతెగని ఎదురుచూపులకు రాయలసీమ వంట బాగా సరిపోతుంది. వాన ఎప్పుడొస్తుందో తెలియని నేల ఇది. 1876–78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరంగా నష్టపోయాయి. అలాంటి నేలలో పుట్టిన వంట ఉన్నదాన్ని సాగదీయడం, ఎండబెట్టి దాచడం, రాత్రి మిగిలినదాన్ని పొద్దునకు రుచిగా మార్చడం తరతరాలుగా నేర్చుకుంది.

రాగి సంగటినే చూద్దాం. గ్లాసెడు నూకలో బియ్యమో కడిగి, నీళ్లు ధారాళంగా పోసి, మెతుకు మెత్తగా చితికేదాకా ఉడికిస్తారు. ఉప్పు వేసి, ఒకటిన్నర, రెండు గ్లాసుల రాగిపిండిని ఆ ఉడుకుతున్న అన్నం మీద కుప్పగా పోస్తారు. కలపరు. సంగటి కట్టెతో నడుమ ఒక రంధ్రం చేసి, మూతపెట్టి, మంట తగ్గిస్తారు. లోపలి ఆవిరి ఆ రంధ్రం గుండా పైకి వచ్చి పిండిని ఉడికిస్తుంది. పది నిమిషాల తర్వాత గిన్నె దించి, కాళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, కట్టెతో బలంగా గెలుకుతారు. పిండి ఎక్కడా గడ్డ కట్టకూడదు, గిన్నె అంచు వదిలిపెట్టాలి. చేతికి తడి అద్దుకుని ముద్ద చేసి కంచంలో పెట్టి, నడుమ గుంట చేసి నెయ్యో పప్పో పోస్తారు. గ్లాసెడు బియ్యంతో ఇద్దరికి సరిపోయే అన్నం వండే చోట, పిండి తోడై నలుగురి కడుపు నింపుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది దానితో పోలిస్తే చాలా స్వల్పం. పాలు తగ్గించుకోవలసి వచ్చిన ఇంట్లో ఎదిగే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

రాత్రి మిగిలిన సంగటి ముద్దను నీళ్లలో వేసి ఉంచితే పొద్దునకు కాస్త పులుస్తుంది. దాన్ని మజ్జిగలో పిసికి, ఉప్పు వేసి, పక్కన ఎర్రగడ్డ (ఉల్లిపాయ), పచ్చిమిరపకాయ పెట్టుకుంటే సద్ది సిద్ధం. పొయ్యి వెలిగించకుండానే ఒక పూట గడిచిపోతుంది.

సంగటికి జత ఊరిబిండి. చెనక్కాయ (వేరుశనగ) విత్తనాలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు, ఉప్పుతో రోట్లో నూరి, చివర్లో ఎర్రగడ్డను కచ్చాపచ్చాగా దంచి కలుపుతారు. కూరగాయ లేని రోజున కూర లోటు తెలియనివ్వదు. వేరుశనగలో మాంసకృత్తులు ఉన్నాయి కాబట్టి కడుపుతోపాటు ఒంటికీ బలం. గోంగూర తొక్కు, చింతకాయ తొక్కు, మామిడి ఒరుగులు ఏడాది నిలవ ఉండే ఆస్తులు. మాంసం తెచ్చుకున్నప్పుడు కొంత ఎండబెట్టి తునకలుగా దాచుకోవడం కూడా ఈ ప్రాంతపు శ్రామిక కుటుంబాలకు తెలిసిన పాత విద్య. గోంగూరలో నాలుగు తునకలు వేస్తే ఇంటికి అతిథి వచ్చినా లోటు ఉండదు.

జొన్న రొట్టె ప్రయాణాలకు పనికొస్తుంది. పిండిలో ఉడుకు నీళ్లు పోసి, వేడి ఆరకముందే మర్దించి, పీట మీద పొడిపిండి చల్లి అరచేత్తో తడుతూ వెడల్పు చేస్తారు. గోధుమ పిండిలా జొన్నపిండికి సాగే గుణం లేదు. తట్టే చేయి ఎంత నిదానంగా తిరిగితే రొట్టె అంత గుండ్రంగా, అంచు చీలకుండా వస్తుంది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు అద్ది తిప్పుతారు. పలచగా చేసి ఎండనిచ్చిన రొట్టెలు చాలా రోజులు చెడవు. గుంటూరు వెళ్లి ఒకరోజు ఆగాల్సి వచ్చినా బయట తిండి కొనక్కర్లేదు.

ఉదయం పూట ఉగ్గాని సీమ వారి పలహారం. బొరుగులను నీళ్లలో ముంచి పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లుతారు. ఎవరైనా చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చినా పావుగంటలో ప్లేటు ముందుంటుంది. కాపరి ఇంటికి ఇలా వచ్చేవారు ఎక్కువ. పోస్టింగ్ లేకపోయినా ఊరివాళ్లు అప్పుడే "అయ్యగారు", "అమ్మగారు" అని పిలవడం మొదలుపెడతారు. జ్వరమొచ్చిన బిడ్డకు ప్రార్థన చేయమని వస్తారు, ఇంటి గొడవ చెప్పుకుని ఏడుస్తారు. వాళ్లకు మంచినీళ్లు, ఏదో ఒక తిండి ఇవ్వకుండా పంపించలేరు.

మహానంది నీళ్లు ఈ వంటకు మరో రుచి కలిపాయి. చుట్టూ మెట్ట పొలాలున్నా నల్లమల పాదం దగ్గర ఆ క్షేత్రంలో ఊట ఏడాది పొడవునా పారుతుంది. కోనేరు దాటిన నీరు పొలాలకు వెళ్తుంది. అందుకే అక్కడ అరటి తోటలు పచ్చగా ఉంటాయి. అరటి చెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక చెట్టునూ కొట్టేస్తారు. అప్పుడు దవ్వ, పువ్వు తక్కువ ధరకో ఊరికేనో దొరుకుతాయి. దవ్వను సన్నగా తరిగి, మజ్జిగ నీళ్లలో వేసి నల్లబడకుండా చూసి, పెసరపప్పుతో వండుతారు. పువ్వులో ఒక్కో రెమ్మలోని గట్టి పుల్లను తీసి కందిబేళ్లతో కలుపుతారు. పచ్చి అరటికాయ వేపుడు పిల్లలకు ఇష్టం. నంద్యాల బియ్యానికి పేరుంది. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం కొర్రల్లో కొత్త రకాలు తెచ్చింది. వాటిలో ఒకదానికి ఆ చుట్టుపక్కల నవనందుల్లో ఒకటైన సూర్యనంది పేరు పెట్టారు. అలా కొర్రన్నం కూడా ఈ ప్రాంతపు కంచంలో తిరిగి చేరుతోంది.

సంఘ పంచాంగం కూడా వంటను నడిపిస్తుంది. శ్రమదినాల్లో 40 రోజులు చాలా ఇళ్లు మాంసం మానేస్తాయి లేదా తగ్గిస్తాయి. ఆగమన కాలంలో నాలుగు ఆదివారాలు క్రీస్తు రాకడ కోసం ఎదురుచూస్తారు. ఆ తర్వాత క్రిస్మస్‌కు అత్తిరాసాలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు చేసి పక్కింటి హిందువులకు, ముస్లింలకు పంచుతారు. చేతిలో డబ్బు తక్కువైన ఏడు అత్తిరాసాల సంఖ్య తగ్గుతుందే గాని పంచడం ఆగదు.

పిడికెడు బియ్యం

తెలుగు సంఘాల్లో కాపరిని పోషించిన పద్ధతుల్లో పిడికెడు బియ్యానిది గొప్ప స్థానం. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారానికో నెలకో ఆ కుండలోని బియ్యాన్ని సంచిలో పోసి మందిరానికి తెస్తుంది. అన్ని ఇళ్ల బియ్యం ఒకచోట చేరి కాపరి పోషణకు, పేదల సాయానికి వెళ్తాయి. కూలి డబ్బు రూపంలో అరుదుగా చేతికి వచ్చే కాలంలో, ధాన్యమే కూలిగా అందిన కుటుంబాలు ఈ పద్ధతిలో తమ సంఘాన్ని నిలబెట్టుకున్నాయి. మాల, మాదిగ వాడల్లో లేచిన తొలి మందిరాల వెనుక ఇలాంటి కుండలు చాలా ఉన్నాయి.

లెక్క వేసి చూస్తే దీని బలం తెలుస్తుంది. పిడికిట్లో 40 గ్రాములు పట్టిందనుకుంటే, రోజుకు రెండు పూటల చొప్పున నెలకు ఒక ఇంటి నుంచి 2.4 కిలోలు. 40 ఇళ్ల ఊళ్లో 96 కిలోలు. ఏ ఇంట్లోనూ కంచం తగ్గినట్టు తెలియదు, ఒక కుటుంబానికి మాత్రం నెలంతా అన్నం దొరుకుతుంది. కోత పండుగ రోజున ఇదే ప్రేమ మరింత బాహాటంగా కనిపిస్తుంది. మొదటి పంట, కోడి, గుమ్మడికాయ, చెరకు గడలు మందిరానికి తెస్తారు, కానుకలను వేలం వేస్తారు.

ఈ పద్ధతి సాధారణంగా పేరిష్‌లో ఉన్న కాపరికే అందుతుంది. కళాశాల వదిలి పేరిష్ చేరని కుటుంబం ఏ కుండ లెక్కలోకీ రాదు. పూర్వపు సంఘానికి వారు వెళ్లిపోయినవారు, రాబోయే సంఘానికి ఇంకా రానివారు.

విట్టెన్‌బర్గ్‌లో లూథర్ ఇల్లు

లూథరన్ కాపరి ఇంటికి మూలం వెతికితే వంటింట్లోనే దొరుకుతుంది. మార్టిన్ లూథర్ 1525 జూన్ 13న కాథరీనా ఫాన్ బోరాను పెళ్లాడారు. ఆమె మఠం విడిచి వచ్చిన సన్యాసిని, ఆయన ఒకప్పటి సన్యాసి. విట్టెన్‌బర్గ్‌లోని పాత ఆగస్టీనియన్ మఠం వారి ఇల్లయింది. లూథర్ తన పుస్తకాలకు పారితోషికం పుచ్చుకునేవారు కాదు. ఇంటికి మాత్రం విద్యార్థులు, బంధువులు, తలదాచుకోవడానికి వచ్చినవారు ఎప్పుడూ వస్తూనే ఉండేవారు. ఆ పెద్ద ఇంటిని నడిపింది కాథరీనా. ఆమె తోట పెంచారు, చేపల చెరువు చూసుకున్నారు, పందుల్ని మేపించారు, ఇంట్లోనే బీరు కాయించారు, విద్యార్థులకు డబ్బు తీసుకుని భోజనం పెట్టారు. త్సుల్స్‌డోర్ఫ్ అనే పల్లెలో పొలం కొని సేద్యం చేయించారు. లూథర్ భోజనబల్ల దగ్గర మాట్లాడిన మాటలు విద్యార్థులు రాసుకున్నారు, వాటిని నేటికీ ప్రపంచమంతా చదువుతోంది. ఆ బల్లమీదికి భోజనం రావడం వెనుక ఆమె కష్టం ఉంది.

1546లో లూథర్ చనిపోయాక కాథరీనా యుద్ధాలు, అప్పులు, వలసలు చూశారు. 1552లో తోర్గావులో కన్నుమూశారు. కాపరి కుటుంబానికి ఆధారం ముందే ఏర్పరచకపోతే ఏమవుతుందో ఆమె చివరి ఆరేళ్లు చెబుతాయి.

సంఘం చేయగలిగింది

ఎదురుచూపును పూర్తిగా తీసేయడం ఎవరి చేతిలోనూ లేదు. పిలుపు సక్రమంగా రావాలన్న నియమం సంఘానికి మేలు చేసేదే. అర్హత చూడకుండా, స్థలం చూడకుండా పంపితే నష్టపోయేది గ్రామాలు. కానీ ఆగే కాలాన్ని తేలిక చేయడం సంఘానికి సాధ్యమే.

మొదటిది, కబురు. ఎంతకాలం పట్టవచ్చో, ఏ దశలో ఉందో రెండు మాటల్లో తెలియజేసినా ఇల్లాలు సరుకుల లెక్క, పిల్లల బడి లెక్క వేసుకోగలదు. నియామకాలను బడులు తెరిచే జూన్‌కు ముందే తేల్చితే పిల్లల చదువు మధ్యలో తెగదు. రెండోది, తాత్కాలిక పని. ప్రసంగానికి పిలిచిన గ్రామం దారి ఖర్చులతో సరిపెట్టకుండా ఇంటికి కూడా కొంత ధాన్యం కట్టి పంపవచ్చు. మూడోది, స్త్రీల సమాజాల అండ. నెలకు ఒకసారి వెళ్లి ఆ ఇంట కూర్చుని మాట్లాడినా ఆ తల్లికి ధైర్యం వస్తుంది. అందరూ ఆయన పోస్టింగ్ గురించే అడుగుతారు. ఆమె ఎలా ఉందని అడిగేవారు తక్కువ.

ఆ ఇంట్లో ఉన్నవారికీ ఒక మాట. నిలవ సరుకు, కట్టి ఉంచిన కాగితాల సంచి, సంగటి కట్టె, రోలు ఉన్న ఇల్లు ఎన్ని నెలలైనా తట్టుకుంటుంది. పోస్టింగ్ రాలేదని అతిథిని ఖాళీ చేతులతో పంపని ఇంట్లో కాపరి సేవ అప్పటికే మొదలైంది.

తెలుగు సంఘాల్లోని ప్రతి స్త్రీల సమాజం ఒక పని చేయవచ్చు. తమ ఊరి నుంచి వేదాంత చదువుకు వెళ్లినవారి పేర్లు రాసుకుని, వారు కళాశాల వదిలిన రోజు నుంచి పేరిష్ చేరే రోజు దాకా పిడికెడు బియ్యం కుండలో కొంత భాగం ఆ ఇంటికి చేర్చాలి. నెలకు పాతిక కిలోలు చేరినా ఒక చిన్న కుటుంబానికి అన్నం కొరత ఉండదు.